అలాస్కా మంచునేలలో వదిలేసిన 136 చమురు బావులు: తవ్వింది ప్రభుత్వమే, శుభ్రం చేసేదెవరు?

అమెరికాలోని అలాస్కా రాష్ట్రానికి ఉత్తర కొసన, ఆర్కిటిక్ సముద్రాన్ని ఆనుకుని చెట్టన్నది కనిపించని ఒక చదును నేల ఉంది. దాని పేరు నేషనల్ పెట్రోలియం రిజర్వ్. విస్తీర్ణం దాదాపు 2.3 కోట్ల ఎకరాలు, అంటే మన తెలంగాణ కంటే కాస్త చిన్నది. ఈ నేలలోనూ దాని పక్కనే ఉన్న భూముల్లోనూ 1944 నుంచి 1982 మధ్య చమురు, గ్యాస్ కోసం 136 బావులు తవ్వారు. తవ్వింది ఏదో ప్రైవేటు కంపెనీ కాదు, సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే. ఆశించినంత చమురు దొరకలేదు. దొరక్కపోయేసరికి చాలా బావులను సరిగ్గా మూయకుండానే వదిలేసి వెళ్లిపోయారు.

వీటిని ఇప్పుడు ‘లెగసీ వెల్స్’ అంటున్నారు. లెగసీ అంటే వారసత్వం. వారసత్వం అనగానే మనకు పొలమో, ఇల్లో, నానీమా నగలో గుర్తొస్తాయి. ఇక్కడ మిగిలినవి మాత్రం తుప్పుపట్టిన పైపులు, డీజిల్ నిండిన గొట్టాలు, రసాయనాలు కలిసిన బురద గుంటలు.

చమురు బావి ప్రమాదం అంటే తెలుగువాళ్లకు వెంటనే పాశర్లపూడి గుర్తొస్తుంది. 1995 జనవరిలో కోనసీమలోని ఆ ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట 65 రోజులు మండింది. ఆ చప్పుడు, ఆ వేడి, ఊళ్లు ఖాళీ చేసి పోయిన జనం గురించి ఆ వైపు వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాస్కాలో జరుగుతున్నది అలాంటిది కాదు. అక్కడ మంటా లేదు, చప్పుడూ లేదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కారుతుంది, కుంగుతుంది, కరుగుతుంది. టీవీలో చూపించడానికి ఏమీ లేకపోవడమే ఈ సమస్య ఇన్నేళ్లు పక్కన పడి ఉండడానికి ఒక కారణం అనిపిస్తుంది.

యుద్ధనౌకల కోసం మొదలైన వేట

వంద సంవత్సరాల కిందట అమెరికా నేవీ ఓడలు బొగ్గు మాని చమురుకు మారాయి. రేపు యుద్ధం వస్తే చమురు ఎక్కడి నుంచి తేవాలి అన్న ఆలోచనతో కొన్ని భూములను నేవీ కోసం విడిగా అట్టిపెట్టారు. వాటిలో నాలుగోది అలాస్కాలోనిది. 1923లో అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ ఉత్తర్వుతో ఏర్పడింది. చాలాకాలం దాన్ని ‘పెట్-4’ అనేవారు.

అక్కడ చమురు ఉందని ముందే తెలిసింది నేవీకి కాదు, స్థానిక ఇనూపియాట్ ప్రజలకు. సింప్సన్ అగ్రం అనే చోట నేలలోంచి చమురు దానంతట అదే ఊరి పైకి వచ్చేది. చమురు పీల్చుకున్న నాచుమట్టిని వాళ్లు పెళ్లలుగా కోసి పొయ్యిలో వాడుకునేవాళ్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే సింప్సన్ ప్రాంతంలో నేలమీద కనిపించే ప్రతి నల్లమరకా బావుల వల్ల వచ్చింది కాదు. సహజంగా ఊరింది ఎంత, గొట్టంలోంచి కారింది ఎంత అని తేల్చడం అక్కడ నిజంగానే కష్టం.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో నేవీ నిర్మాణ దళం బారో ఊరి దగ్గర సామాన్లతో దిగింది. 1953 దాకా తవ్వకాలు సాగాయి. 1946లో ఉమియాట్ దగ్గర చమురు తగిలింది. 1949లో బారో దగ్గర గ్యాస్ దొరికింది. ఉమియాట్ చమురు ఎక్కడికీ పోలేదు. పైప్‌లైన్ లేదు, రోడ్డు లేదు, ఖర్చుకు తగ్గ లాభం లేదు. బారో గ్యాస్ మాత్రం ఊరికి పనికొచ్చింది. 2016లో ఉత్కియాగ్విక్ అని పాత పేరు తిరిగి పెట్టుకున్న ఆ ఊళ్లో ఇళ్లు వెచ్చగా ఉండేది ఆ చుట్టుపక్కల గ్యాస్ క్షేత్రాల వల్లనే. కాబట్టి ఆ తవ్వకాల్లో స్థానికులకు ఏ మేలూ జరగలేదని అనలేం.

1968లో అసలు పెద్ద నిధి బయటపడింది. అది ప్రూడో బే. చిత్రం ఏమిటంటే అది రిజర్వ్ సరిహద్దుకు అవతల, తూర్పు వైపున ఉంది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక ప్రభుత్వం మళ్లీ రిజర్వ్ వైపు చూసింది. 1976లో చట్టం చేసి దాన్ని నేవీ చేతిలోంచి తీసి ఇంటీరియర్ శాఖకు అప్పగించారు. యూఎస్ జియలాజికల్ సర్వే ఆధ్వర్యంలో 1982 వరకు రెండో విడత తవ్వకాలు జరిగాయి. మొదటి విడత బావుల్లో చాలావరకు తక్కువ లోతువి. రెండో విడతవి అలా కాదు. తునాలిక్ అనే బావి 20,335 అడుగుల లోతుకు పోయింది, అంటే ఆరు కిలోమీటర్లకు పైమాటే.

136 అన్నీ ఒకే రకం అనుకోవద్దు. కొన్ని భూగర్భ పొరల నమూనా తీయడానికి వేసిన చిన్న రంధ్రాలు మాత్రమే. వాటిలో చమురూ లేదు, గ్యాసూ లేదు, వాటితో పెద్ద ప్రమాదం కూడా లేదు. భయపడాల్సింది మిగతా వాటి గురించి.

నేలే డీప్ ఫ్రీజర్ అనుకున్నారు

బావి తవ్వేటప్పుడు గొట్టంలోకి డ్రిల్లింగ్ మడ్ అనే చిక్కటి బురద పంపిస్తారు. అది డ్రిల్ బిట్‌ను చల్లబరుస్తుంది, రాతి పొడిని పైకి తెస్తుంది, లోపలి గ్యాస్ ఒత్తిడిని అదిమి పెడుతుంది. అందులో మట్టితోపాటు బెరైటు, లవణాలు, రకరకాల రసాయనాలు కలుపుతారు. కొన్నిచోట్ల డీజిల్ కూడా. పని అయ్యాక ఆ బురదంతా ఎక్కడ పోయాలి? రిగ్గు పక్కనే పెద్ద గుంట తవ్వి అందులో పోశారు. దాన్ని రిజర్వ్ పిట్ అంటారు.

ఆర్కిటిక్‌లో ఇలా చేయడానికి ఒక ధీమా ఉంది. అక్కడి నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దాన్ని పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైపైన ఓ అడుగు, రెండడుగులు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. కింద మాత్రం కొన్నిచోట్ల వెయ్యి అడుగులకు పైగా మంచునేలే. గుంటలో పోసిన బురద కూడా దానితోపాటు గడ్డకట్టుకుపోతుంది, ఎక్కడికీ కదలదు, ఇక దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు అనుకున్నారు.

బక్రీద్ తర్వాత ఖుర్బానీ మాంసం ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు మన ధీమా కూడా ఇలాంటిదే. కరెంటు ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. రెండు రోజులు కరెంటు పోతే ఏమవుతుందో ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆర్కిటిక్‌లో కరెంటు పోవడం మొదలైంది. ఆ ప్రాంతం ప్రపంచ సగటు కంటే చాలా వేగంగా వేడెక్కుతోంది.

బావి గొట్టాల సంగతి ఇంకొకటి. నీళ్లు నింపి వదిలేస్తే మంచునేల లోతులో అవి గడ్డకట్టి, ఉబ్బి, ఉక్కు పైపును నలిపేస్తాయి. అందుకని చాలా బావుల పైభాగంలో డీజిల్ నింపి వదిలేశారు. దశాబ్దాలుగా ఆ డీజిల్ అలాగే ఉంది. పైన బిగించిన ఇనుప మూత తుప్పుపడితే? కొన్నిచోట్ల అసలు మూతే లేదు. బారో దగ్గరి ఐకో బే బావి నుంచి గ్యాస్ లీకయింది. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచే వాయువు అది. సింప్సన్ ప్రాంతంలోని కొన్ని బావుల నుంచి చమురు కారింది.

ఇవి కాక మామూలు చెత్త. ఖాళీ డ్రమ్ములు, కర్ర దిమ్మెలు, కేబుళ్లు, నేలలోంచి పొడుచుకు వచ్చిన పైపులు. మంచు కురిశాక ఇవేవీ కనపడవు. స్నోమొబైల్ మీద వేటకు పోయే మనిషికి మంచు కింద దాగిన ఇనుప గొట్టం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. రెండో విడత తవ్వకాల సమయంలో పాత డ్రమ్ములను కొంతవరకు ఏరి తీశారు. మిగిలినవి మిగిలాయి.

ఉమియాట్ పైన, నుయిక్సుట్ కింద

ఈ మొత్తం కథలో జనం గట్టిగా పట్టించుకున్న చోటు ఉమియాట్. కోల్విల్ నది ఒడ్డున ఉంటుంది. నేవీ అక్కడ 11 బావులు తవ్వింది. పక్కనే సైనిక విమానాశ్రయం, క్యాంపు, వాటి చెత్తకుప్ప. ఆ కుప్పలో, అక్కడి మట్టిలో పీసీబీలు అనే రసాయనాలు బయటపడ్డాయి. తొమ్మిదో నంబరు బావి చుట్టూ మట్టిలో కూడా అవే.

పీసీబీలు ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో విరివిగా వాడినవి. 1979లో అమెరికా వాటి తయారీని నిషేధించింది. వీటితో చిక్కు ఏమిటంటే ఇవి త్వరగా విరిగిపోవు, నీళ్లలో కరగవు, కొవ్వులో చేరతాయి. బురదలోంచి పురుగుకు, పురుగులోంచి చిన్న చేపకు, చిన్న చేపలోంచి పెద్ద చేపకు పోయేకొద్దీ వాటి మోతాదు పెరుగుతూ పోతుంది. చివరికి ఆ చేపను తినే మనిషి దాకా వస్తుంది.

ఉమియాట్‌కు దిగువన, అదే నది ముఖద్వారం దగ్గర నుయిక్సుట్ అనే ఇనూపియాట్ ఊరు ఉంది. 1973లో కొన్ని కుటుంబాలు బారో నుంచి వచ్చి తమ పాత చోటులో మళ్లీ కట్టుకున్న ఊరు. అక్కడివాళ్ల తిండిలో సూపర్ మార్కెట్ పాత్ర తక్కువ. కరిబూ జింక, తిమింగలం, నది చేపలు. వాటిలో బర్బాట్ అనే చేప కాలేయాన్ని ఇష్టంగా తింటారు, అదేమో కొవ్వు నిండినది. తమ చేపల్లో ఏముందో తేల్చమని వాళ్లు అడగడంలో ఆశ్చర్యం ఏముంది? పైగా ఆ చెత్తకుప్ప ఉన్నది నది వరద మైదానంలో. నది దారి మార్చుకుంటే కుప్పే నదిలో కలుస్తుంది.

కొత్తగా అమెరికా చేసిన ఏర్పాట్ల వల్ల ఇంకో చిక్కు వచ్చింది. 1971 చట్టం ప్రకారం అలాస్కా స్థానిక ప్రజల కార్పొరేషన్లకు భూములు ఇచ్చారు. వాటిలో కొన్ని అప్పటికే కలుషితమైన భూములు. కొన్ని పాత బావులు కూడా అలా చేతులు మారిన భూముల్లోనే ఉన్నాయి. హక్కుతోపాటు చెత్త కూడా వచ్చింది. భూమి ఇచ్చేముందు శుభ్రం చేసి ఇవ్వాలన్న పాటి ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదా అనిపిస్తుంది.

సముద్రం కోసుకుపోయిన బావి

జె.డబ్ల్యు. డాల్టన్ అనే బావిని రెండో విడతలో, సముద్ర తీరానికి దగ్గర్లో తవ్వారు. 2004 వేసవిలో ఒక్క సీజన్‌లోనే అక్కడి తీరం సుమారు 300 అడుగుల మేర కోతకు గురైంది. సముద్రం బావి ముంగిట్లోకి, రిజర్వ్ పిట్ దగ్గరికి వచ్చేసింది. లోపల డీజిల్ ఉంది. ఆ భూమిని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, క్లుప్తంగా బీఎల్ఎం, పరుగులు పెట్టి 2005లో ఆ బావిని సిమెంటుతో మూసింది. ఆ తర్వాత తీరం ఇంకా వెనక్కి జరిగి, బావి ఉన్న చోటును సముద్రం కలిపేసుకుంది.

ఇంతగా కోత ఎందుకు? అక్కడి తీరం రాయి కాదు, ఇసుకా కాదు. మట్టిని పట్టి ఉంచేది మంచే. వెనకటికి వేసవిలో కూడా సముద్రం మీద మంచు పలక ఎక్కువ కాలం ఉండేది, అలలు ఒడ్డుకు తగిలేవి కావు. ఇప్పుడు ఆ పలక త్వరగా కరిగి ఆలస్యంగా కడుతోంది. వెచ్చటి అలలు తీరం అడుగును తొలిచేస్తే పైనున్న నేల పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగి పడుతుంది. డ్రూ పాయింట్ పరిసరాల్లో 60 కిలోమీటర్ల తీరాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 1955 నుంచి 1979 మధ్య ఏడాదికి సగటున 6.8 మీటర్లు ఉన్న కోత 2002-2007 నాటికి 13.6 మీటర్లకు చేరిందని లెక్కగట్టారు. సరిగ్గా రెట్టింపు. డ్రూ పాయింట్‌లోనూ ఒక పాత బావి ఉంది. దాన్ని, అలాగే ఈస్ట్ టెషెక్‌పుక్, అటిగారు పాయింట్ బావులను డాల్టన్ తర్వాత వరుసగా మూశారు. ప్రమాదం గుమ్మం దాకా వచ్చినవాటికే ముందు వంతు దక్కింది.

బావులే థర్మామీటర్లయ్యాయి

ఈ పాత బావులు సైన్స్‌కు చేసిన ఒక మేలు గురించి కూడా చెప్పాలి. మంచునేలలో లోతుగా, నిలువుగా తవ్వి, గడ్డకట్టని ద్రవం నింపి వదిలిన గొట్టం అంటే అది రెడీమేడ్ థర్మామీటర్ లాంటిదే. యూఎస్ జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు వాటిలోకి సెన్సర్లు దించి లోతులవారీగా ఉష్ణోగ్రత కొలిచారు. నేల పైన వేడి పెరిగితే అది మెల్లగా, దశాబ్దాలు తీసుకుని కిందికి దిగుతుంది. కాబట్టి ఏ లోతులో ఎంత వేడి ఉందో చూస్తే గతంలో పైన ఏం జరిగిందో చెప్పొచ్చు. ఆర్థర్ లాకెన్‌బ్రూక్, వాన్ మార్షల్ అనే ఇద్దరు 1986లో ‘సైన్స్’ పత్రికలో ఆ లెక్క ప్రచురించారు. అలాస్కా ఆర్కిటిక్ నేల పైభాగం అంతకు ముందు కొన్ని దశాబ్దాల నుంచి వంద సంవత్సరాల కాలంలో 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందని తేలింది. వాతావరణ మార్పు గురించి మామూలు జనం మాట్లాడుకోవడం మొదలుపెట్టకముందే వచ్చిన హెచ్చరిక అది. గుంటల్లోని బురద శాశ్వతంగా గడ్డకట్టి ఉంటుందన్న నమ్మకం తప్పని ఆ బావులే చెప్పాయన్నమాట. 1986లోనే చెప్పినా మూసే పని జోరందుకోవడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

పొరుగున కెనడాలో కూడా ఇదే కథ. మెకెంజీ నది డెల్టాలో చమురు కంపెనీలు డ్రిల్లింగ్ బురదను వందకు పైగా గుంటల్లో పోసి పైన మట్టి కప్పాయి. గడ్డకట్టి ఉంటుందనే అనుకున్నారు. ఇప్పుడు చాలా గుంటలు కుంగిపోయాయి. పైన నీళ్లు నిలుస్తున్నాయి, ఆ నీళ్లు మరింత వేడిని లోపలికి తీసుకుపోతున్నాయి, ఉప్పు పక్కనున్న చెరువుల్లోకి దిగుతోంది. 2023లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన ఒక అధ్యయనం మొత్తం ఆర్కిటిక్ పర్మాఫ్రాస్ట్ ప్రాంతానికి లెక్క వేసింది. దాదాపు 4,500 పారిశ్రామిక స్థలాలు, వాటి కారణంగా 13,000 నుంచి 20,000 దాకా కలుషితమైన చోట్లు ఉండొచ్చని అంచనా. అలాస్కా బావులు అందులో పిసరంత భాగం.

హిసాబులో రాయని ఖర్చు

కామర్స్ చదివినవాళ్లకు ‘ప్రొవిజన్’ అనే మాట బాగా తెలుసు. రేపు తప్పకుండా వచ్చే ఖర్చును ఈరోజే లెక్కలో రాసిపెట్టడం. గనికి, చమురు బావికి ఇది మరీ ముఖ్యం. తవ్విన రోజే మూసే ఖర్చు కూడా పుడుతుంది, కట్టేది ఇరవై ఏళ్ల తర్వాతైనా సరే. నేవీ చిట్టాలో తవ్వకం ఖర్చు ఉంది, మూసే ఖర్చు లేదు. ఏ శాఖా దానికి డబ్బు పక్కన పెట్టలేదు. నేవీ నుంచి ఇంటీరియర్‌కు, అక్కడ ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి బాధ్యత చేతులు మారుతూ పోయింది. చివరికి బీఎల్ఎం ఒడిలో పడింది.

2002 నుంచి 2012 దాకా బీఎల్ఎం 18 బావులను బాగు చేసింది. ఖర్చు సుమారు 8.6 కోట్ల డాలర్లు. సగటున ఒక్కో బావికి 47 లక్షల డాలర్లు దాటింది.

అలాస్కా రాష్ట్రానికి కోపం రావడంలో న్యాయం ఉంది. రాష్ట్రంలో చమురు బావులు ఎలా తవ్వాలో, ఎలా మూయాలో చూసే ఆయిల్ అండ్ గ్యాస్ కన్జర్వేషన్ కమిషన్ ఒకటి ఉంది. ఏ ప్రైవేటు కంపెనీ అయినా ఒక్క బావిని ఇలా వదిలేస్తే జరిమానాలతో వదలదు. కానీ వదిలేసింది కేంద్ర ప్రభుత్వమైతే? ఆ కమిషన్‌లో కమిషనర్‌గా పనిచేసిన క్యాథీ ఫోర్‌స్టర్ ఈ తేడాను ఎత్తిచూపుతూ ఏళ్ల తరబడి పోరాడారు. 2012లో అమెరికా సెనేట్ కమిటీ దీని మీద విచారణ జరిపింది. అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ దీన్ని వదలకుండా పట్టుకున్నారు.

ఆ ఒత్తిడితో 2013లో బీఎల్ఎం ఒక ప్రణాళిక విడుదల చేసింది. 136లో 18 పూర్తయ్యాయి, 50 బావులకు ఏదో ఒక స్థాయిలో పని కావాలి, 68కి పని అక్కర్లేదు అని తేల్చింది. పని అక్కర్లేదన్న జాబితాతో రాష్ట్ర కమిషన్ పూర్తిగా ఏకీభవించలేదు. తవ్వినవాడే పరీక్ష రాసి, తనే మార్కులు వేసుకుంటే వచ్చే ఇబ్బంది ఇది.

డబ్బు వచ్చిన దారి మాత్రం విచిత్రం. టెక్సస్‌లో ప్రభుత్వానికి హీలియం గ్యాస్ నిల్వ ఉండేది. దాని అమ్మకం గురించి 2013లో చేసిన చట్టంలోనే అలాస్కా బావుల కోసం 5 కోట్ల డాలర్లు చేర్చారు. 2014లో కోటి, 2015లో 3.6 కోట్లు, 2019లో 40 లక్షలు. బెలూన్లలో నింపే గ్యాస్ అమ్మిన డబ్బుతో చమురు బావులు మూయడం! అంతకుముందు అదే ఏడాది ఒబామా ప్రభుత్వం ఇంకో ప్రతిపాదన పెట్టింది. రిజర్వ్‌లోని చమురు లీజుల రాబడిలో సగం అలాస్కాకు వెళ్తుంది, ఆ వాటా నుంచి శుభ్రం చేసే ఖర్చు తీసుకుందాం అని. మీ చెత్తకు మా డబ్బా అని అలాస్కా నాయకులు మండిపడ్డారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఇంటి పెద్ద పోయాక జాయ్‌దాద్ పంచుకునే ముందు ఆయన చేసిన కర్జ్ తీర్చాలి. ఇది మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం. అలాస్కాలో వరుస తలకిందులైంది. రిజర్వ్‌లో కొత్త లీజులు వేలం వేశారు, రాబడి పంచుకున్నారు, పాత అప్పు మాత్రం నేలలో అలాగే ఉంది.

2021 మౌలిక వసతుల చట్టంలో దేశవ్యాప్తంగా యజమాని లేని చమురు, గ్యాస్ బావులను మూయడానికి 470 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో కేంద్ర భూముల వాటా 25 కోట్లు. అనాథ బావి అంటే ఏది అని చెప్పే నిర్వచనంలో ఈ రిజర్వ్ బావులను కూడా చేర్చారు. అనాథ అనడం వింతే, వీటికి తండ్రి ఎవరో అందరికీ తెలుసు కదా.

ప్రైవేటు కంపెనీల సంగతి గొప్పగా ఉందనుకోవద్దు. కేంద్ర భూముల్లో బావి తవ్వే కంపెనీ ఒక్కో లీజుకు కట్టాల్సిన కనీస బాండు 10,000 డాలర్లు అని 1960లో పెట్టారు. 2024 దాకా అదే మొత్తం. ఆ ఏడాది దాన్ని 1,50,000 డాలర్లకు పెంచారు. ఇదంతా నడుస్తుండగానే 2023 మార్చిలో రిజర్వ్ లోపల కొనోకోఫిలిప్స్ కంపెనీ విల్లో ప్రాజెక్టుకు అనుమతి వచ్చింది. అందరికంటే దగ్గరగా ఉన్న ఊరు నుయిక్సుటే. అక్కడి నాయకులు అభ్యంతరం చెప్పారు. పన్నుల ఆదాయం మీద ఆధారపడిన నార్త్ స్లోప్ బరో ప్రభుత్వం మద్దతిచ్చింది. రెండు వైపులా ఉన్నది ఇనూపియాట్ ప్రజలే, కాబట్టి ఇది బయటివాళ్లు తేలిగ్గా తీర్పు చెప్పే వ్యవహారం కాదు.

ఒక బావిని మూయడమంటే

ఇంత ఖర్చు ఎందుకు అవుతుందో పని చూస్తే అర్థమవుతుంది. రిజర్వ్‌లో ఊళ్లను కలిపే రోడ్లే లేవు. వేసవిలో నేల చిత్తడి, బండి దిగితే కూరుకుపోతుంది, నాచు చిరిగిపోతే ఆ గాటు దశాబ్దాలు మానదు. అందుకని భారీ యంత్రాలతో పని అంతా నడిచేది చలికాలంలోనే. నేల గట్టిగా గడ్డకట్టి, పైన తగినంత మంచు పడ్డాక మంచుతో, నీళ్లతో తాత్కాలిక రోడ్లు వేస్తారు. లేదంటే రోలిగాన్ అనే లావు టైర్ల బండ్ల మీద, స్లెడ్జిల మీద రిగ్గు, సిమెంటు, జనరేటర్లు, మనుషులు పడుకునే గదులు అన్నీ లాక్కుపోతారు. మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల చలి. నడి శీతాకాలంలో ఉత్కియాగ్విక్‌లో రెండు నెలలకు పైగా సూర్యుడే కనిపించడు.

బావి దగ్గరికి చేరాక మొదటి పని లోపల ఏముందో తెలుసుకోవడం. పాత రికార్డులో ఒకటి ఉంటుంది, గొట్టంలో ఇంకొకటి ఉంటుంది. పైపు నలిగిపోయి ఉండొచ్చు, మధ్యలో మంచుగడ్డ అడ్డం పడి ఉండొచ్చు. ఆ గడ్డ కింద గ్యాస్ ఒత్తిడితో కాచుకుని ఉండొచ్చు, తొందరపడి కరిగిస్తే ఎగదన్నుతుంది. మెల్లగా కరిగించి, డీజిల్‌ను పైకి తోడి ట్యాంకుల్లో పట్టి, తర్వాత వేర్వేరు లోతుల్లో సిమెంటు దిమ్మెలు దించుతారు. మామూలు సిమెంటు అయితే ఆ చలికి గట్టిపడకముందే గడ్డకట్టిపోతుంది, అందుకని చలికి తట్టుకునే ప్రత్యేక సిమెంటు వాడతారు. చివరగా నేలకు కొన్ని అడుగుల కింద పైపును కోసేసి, బావి పేరు రాసిన పలకను వెల్డింగ్ చేసి మట్టి కప్పుతారు.

మట్టి కలుషితమై ఉంటే అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే అనుమతి ఉన్న చోటు అలాస్కా రాష్ట్రంలో ఒక్కటి కూడా లేదు. పీసీబీ ఉన్న మట్టిని సంచుల్లోకి ఎత్తి, మంచు మీదుగానో విమానంలోనో తెచ్చి, ఆ తర్వాత ఓడలో అమెరికాలోని వేరే రాష్ట్రానికి పంపాలి. టన్ను మట్టికి అయ్యే ఖర్చు ఎంతో ఊహించుకోండి.

ఇలా పనిచేయడానికి వీలయ్యే రోజులు కూడా తగ్గిపోతున్నాయి. అలాస్కా ఉత్తర ప్రాంతంలో గడ్డకట్టిన నేల మీద భారీ బండ్లను అనుమతించే రోజులు 1970లలో ఏడాదికి 200 దాటేవి. 2000ల మొదటికి అవి వంద దగ్గరికి పడిపోయాయి.